ఎనిమిదింటి హంస

ఎడిటర్ గారి ఫోను సోమవారం మధ్యాహ్నం వచ్చింది. "చలికాలం సంచిక. ముఖచిత్రం మంచు శిల్పాల పోటీ. చైనాలోని హార్బిన్ తరహాలో ఉండాలి. గురువారానికి కాపీ." నేనున్నది కువైట్‌లో. ఇక్కడ జనవరి రాత్రికి ఒక స్వెట్టరు చాలు, దాని మీద మఫ్లరు కూడా చుట్టుకునేది మనవాళ్ళే. ఆ మాటే చెప్పాను. "అయితే అక్కడే వెతకండి" అని పెట్టేశారు.

వెతగ్గా దొరికింది ఒక కాగితం. సముద్రం వైపున్న ఓ పెద్ద హోటల్లో, సలాడ్లూ పళ్ళూ సర్దే కోల్డ్ కిచెన్‌లో, ఫ్రీజరు తలుపుకి టేపుతో అంటించి ఉంది. అంచులు తడిసి ఉబ్బిపోయాయి. దుబాయ్‌లో గల్ఫుడ్ ప్రదర్శనతో పాటు ఎమిరేట్స్ కులినరీ గిల్డ్ జరిపిన వంటవాళ్ళ పోటీల నిబంధనల్లో ఐసు చెక్కడం పేజీ అది. ఎడారి దేశంలో ఐసు పోటీ ఏమిటని నవ్వబోయి, చదవడం మొదలెట్టాక మానేశాను. మనిషికి ఒక పెద్ద ఐసు దిమ్మ, నిర్వాహకులే ఇస్తారు. సమయం 90 నిమిషాలు. ఉలులూ గ్లవుజులూ ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. కరెంటు పనిముట్లు నిషిద్ధం. కాళ్ళ కింద జారని చాప తప్పనిసరి. గడియారం మొదలవకముందు దిమ్మను సర్దుకుని, పదునుకు తెచ్చుకోవడానికి 30 నిమిషాలు.

ఈ చివరి వాక్యం కింద ఎర్రపెన్నుతో రెండు గీతలున్నాయి. గీసినాయనది రాజంపేట. కువైట్ వచ్చి పద్నాలుగేళ్ళు.

"ఆ అరగంటే సార్, మిగతాదంతా చెక్కుడే" అన్నాడు.

ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన ఐసు మైనస్ పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన తెల్లటి పొర పట్టి, లోపలేముందో కనపడదు. అలాగే ఉలి దించితే పటుక్కున నిలువునా చీలిపోతుంది. బయట పెట్టి, తొందరపడకుండా ఊరుకోవాలి. పొర విడిపోయి దిమ్మ అద్దంలా తేరుకున్నాక ఉలి మాట వింటుంది. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి గోనెసంచిలో, రంపపు పొట్టులో వచ్చే ఐసుగడ్డ నడిమధ్యన పాలలా తెల్లగా ఉండేది గుర్తుందా? అది నీళ్ళలో ఇరుక్కుపోయిన గాలి. చెక్కే ఐసులో అది పనికిరాదు. అందుకే దిమ్మను అడుగునుంచి పైకి గడ్డకట్టిస్తారు. పైనున్న నీళ్ళను చిన్న పంపు కదుపుతూనే ఉంటుంది, గాలి బుడగలు పైకి పోతాయి. మీటరు ఎత్తు, అర మీటరు వెడల్పు, పావు మీటరు మందం. ఒక్కో దిమ్మకి మూడు రోజులు పడుతుంది.

ఆయన దుబాయ్ పోటీకి ఎప్పుడూ వెళ్ళలేదు. "యాడ పోతాం సార్, పెండ్లిండ్ల సీజన్లో సెలవు ఎవరిస్తారు?" నిబంధనలు మాత్రం ఒక్కటీ తప్పడు. హోటల్లో కరెంటు రంపం ఉంది, ముట్టుకోడు. వంటింటి రబ్బరు చాప పరుచుకుని, సెల్‌ఫోన్లో 90 నిమిషాలకు అలారం పెట్టుకుని ఉలి పట్టుకుంటాడు. కువైట్‌లో ఐసు శిల్పాల పోటీ చూశానని ఎడిటర్ గారికి ధైర్యంగా చెప్పగలను. పోటీదారు ఒక్కడే.

ఆ రోజు ఏదో పెళ్ళి. గోడకున్న ఫంక్షన్ షీటులో, రెండు ఫ్రూట్ డిస్‌ప్లేలకూ ఒక బ్రెడ్ డిస్‌ప్లేకూ మధ్య ఒక్క వరుస: 'ఐస్ కార్వింగ్, హంస, 1. సాయంత్రం 6:30.' ముందు రెక్కల వెనకభాగం తెగింది, తర్వాత పొట్ట, అన్నిటికన్నా ఆఖర్న మెడ. ఈకల గీతలు సన్నగా తీసి, రాలిన ఐసు పొడిని వాటిలోనే వేలితో కూరాడు. అప్పటిదాకా కనపడని గీతలు తెల్లగా పైకి తేలాయి. అలారం మోగేసరికి ముక్కు ఇంకా మిగిలే ఉంది. మొత్తం 97 నిమిషాలు. "ఏడు నిమిషాలు యాడనో పోయినాయి" అని దిమ్మ చుట్టూ తిరిగి చూశాడు.

నాకు మాత్రం అది హంసలా లేదు. మెడ మరీ లావు, బాతు పోలిక. మొహమాటపడుతూనే అన్నాను. కోప్పడలేదు. హాల్లో దీపాల కింద పెట్టాక గంటకింత చొప్పున కరిగిపోతుందట. ఆరున్నరకి అందంగా ఉండే మెడ, జనం భోజనానికి లేచే వేళకి పుటుక్కుమంటుంది. అందుకని ఎనిమిదింటికి ఎలా ఉండాలో చూసుకుని చెక్కుతాడు.

ఎడిటర్ గారు చరిత్ర కూడా ఉండాలన్నారు కాబట్టి గబగబా: 1740లో రష్యా మహారాణి అన్నా ఇవానోవ్నా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఐసు మహలు కట్టించింది. జపాన్‌లో సప్పోరో ఉత్సవం 1950లో స్కూలు పిల్లలు చేసిన ఆరు మంచు బొమ్మలతో మొదలైంది. హార్బిన్‌లో 1963లో ఐసు లాంతర్ల ప్రదర్శన పెట్టారు, 1985 నుంచి జనవరి 5న పెద్ద పండగ, ఐసు పక్కనున్న సోంగ్‌హువా నదిలోంచి కోసి తెస్తారు. నదే గడ్డకట్టే ఊళ్ళో ఐసు బొమ్మ చేయడం ఏమంత గొప్పని నా అనుమానం. వేళ్ళు కొంకర్లు పోతాయి, అది కాదనను.

ఇసుకతో అయితే...
కువైట్‌లో బహిరంగంగా జరిగిన పెద్ద శిల్పాల వేడుక ఇసుకది. 2014లో మిష్రెఫ్‌లో 'రెమాల్' ఉత్సవం పెట్టారు. రెమాల్ అంటే ఇసుకలే. 70 మందికి పైగా శిల్పులు, దాదాపు 35,000 టన్నుల ఇసుక, వెయ్యిన్నొక్క రాత్రుల కథలు. ఇసుక బొమ్మను నిలబెట్టేదీ నీళ్ళే. 2012లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం ఘనపరిమాణంలో నూటికి ఒక వంతు నీరుంటే ఇసుక గోపురానికి బలం ఎక్కువ.

ఎండ లెక్క
2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అదే దేశంలో 2022 డిసెంబరు చివర్లో ఉమ్ అల్ హైమాన్ దగ్గర వడగళ్ళు పడి ఇసుక తెల్లబడింది.

ముఖచిత్రం మీద మీరు చూస్తున్నది ఎనిమిదింటి హంస. మెడ సన్నగా, చక్కగా వంపు తిరిగి ఉంది, ముక్కు కొసన ఒక చుక్క వేలాడుతోంది. నేను హాల్లోకి వెళ్ళి తీసిన ఫొటో. కోల్డ్ కిచెన్ వాళ్ళు హాల్లోకి రారు, తను చెక్కిన హంసను ఆ వేళకి ఆయన ఎన్నడూ చూడలేదు. ఫొటో పంపిస్తే చాలాసేపు వేలితో పెద్దది చేసి చూసుకుని, రాజంపేటలో ఇంటావిడకు పంపాడు. వెంటనే వాయిస్ మెసేజి వచ్చింది. నాకూ వినిపించాడు.

"కొంగ బాగుంది. తిన్నావా?"