గాలం నీళ్లలో... కళ్లు పిల్లలపైన!

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఇంకో నెల పోతే ఎండకు గడప దాటలేం. ఈలోపే రెండు రోజులు ఏ చెరువు ఒడ్డునో గడిపి వద్దామని చాలా ఇళ్లలో ఇప్పుడు అనుకుంటూ ఉంటారు. ములుగు జిల్లా లక్నవరం అలాంటి వారికి మంచి చోటు. వరంగల్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అడవి, నీళ్ల మధ్య దీవులు, వాటికి వేలాడే వంతెనలు. దీవి మీదే కాటేజీలు. కిటికీ తీస్తే నీళ్లే.

తలుపు తీసినా నీళ్లే. పిల్లలున్న ఇంటివాళ్లు బ్యాగు సర్దుకునే ముందే ఈ మాట గుర్తుంచుకోవాలి. పడవ ఎక్కేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. లైఫ్ జాకెట్ వేస్తారు, చెయ్యి పట్టుకుంటారు. ఆ తర్వాత పెద్దవాళ్లు గాలం వేసి బెండు వంక చూస్తూ కూర్చున్నప్పుడు, పిల్లలు పక్కనే రాళ్లు విసురుతున్నప్పుడే ఎవరి దృష్టీ ఎవరి మీదా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5 నుంచి 14 ఏళ్ల పిల్లల మరణాలకు ప్రధాన కారణాల్లో నీట మునగడం మూడోది.

మునిగేవారు అరవరు

సినిమాల్లో మునిగిపోయేవారు చేతులు ఊపుతారు, కేకలు పెడతారు. నిజంగా మునిగే పిల్లాడికి అరవడానికి ఊపిరే ఉండదు. తల వెనక్కి వాల్చి, నోరు నీటి అంచున పెట్టి, చేతులతో నీటిని కిందికి నొక్కుతూ ఉంటాడు. చూసేవారికి ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో అంతా అయిపోవచ్చు. ‘చప్పుడు వినిపిస్తే చూద్దాంలే’ అనుకోవడానికి వీల్లేనిది అందుకే.

కాబట్టి మీ బృందంలో ఒకరు కాపలా ఉండాలి. ‘అందరం ఇక్కడే ఉన్నాం కదా’ అంటే ఎవరూ చూడనట్టే లెక్క. ఇరవై నిమిషాలకు ఒకరు చొప్పున వంతులు వేసుకోండి. వంతు ఉన్నవారి చేతిలో ఫోన్ ఉండకూడదు, గాలం ఉండకూడదు, బీరు సీసా అసలే ఉండకూడదు. వేసవిలో బీరు చలువ చేస్తుందని చెప్పేవారు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. అది ఒంట్లోని నీటిని మూత్రంగా బయటికి పంపుతుంది, అడుగు తడబడేలా చేస్తుంది. చెరువు ఒడ్డున ఈ రెండూ ముప్పే.

లైఫ్ జాకెట్ కూడా పిల్లల కొలతదే అడగండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి తొడిగితే నీళ్లలో పడగానే అది పైకి జారి ముఖాన్ని కప్పేస్తుంది. బకిల్స్ పెట్టాక చేతులు పైకెత్తమని చెప్పి, జాకెట్ భుజాలు పట్టి పైకి లాగి చూడండి. చెవుల దాకా వస్తే అది సరిపోనట్టే. గాలి ఊదే ట్యూబులు ఆట వస్తువులు. వాటిని నమ్ముకోవద్దు.

ఇక ఒడ్డు సంగతి. యాసంగి పొలాలకు వదలగా వదలగా ఈ రోజుల్లో చెరువుల్లో నీటిమట్టం తగ్గుతుంది. బయటపడిన నేల పైకి ఎండి పగుళ్లు తేలి గట్టిగా కనిపిస్తుంది. కాలు పెడితే కింద మెత్తని బురద, మోకాలి దాకా దిగబడొచ్చు. అక్కడక్కడా మట్టి తవ్విన గుంతలూ ఉంటాయి. మొలలోతు నీళ్లలో నడుస్తున్నవాళ్లు ఒక్క అడుగుతో నిలువులోతుకు జారిపోవచ్చు. చేపలు పట్టే స్థానికులు ఎక్కడ నిలబడితే అక్కడే నిలబడండి.

ఎవరైనా పడిపోతే వెంటనే దూకేయొద్దు. ఈత రానివారు ఒకరి కోసం దూకితే రెండు ప్రాణాలు పోతాయి. గాలం కర్ర అందించండి, చున్నీ విసరండి. అయిదు లీటర్ల ఖాళీ నీళ్ల డబ్బాకు మూత గట్టిగా బిగించి, తాడు కట్టి మీ సామాన్లతో ఉంచుకుంటే అదే మంచి సాధనం. దాన్ని పట్టుకుని మనిషి తేలగలడు.

బయటికి తీశాక మన దగ్గర చాలామంది చేసేది పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం. రెండూ తప్పే. పొట్టలోని నీళ్లు, తిన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన సమయమూ పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి అయిదుసార్లు గాలి ఊదాలి. చలనం లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు గాలి ఊదాలి. 108 వచ్చేదాకా ఇదే వరుస. నీళ్లు మింగి తేరుకున్న పిల్లాడినీ ఆసుపత్రిలో చూపించాలి. ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు.

గాలం దిగితే

చేపలు పట్టడానికి పొద్దున, సాయంత్రమే మంచివి. ఎండ ముదిరితే చేప లోతుకు వెళ్తుంది, మీరూ నీడకు వెళ్లాలి. నీటి మీద పడి తిరిగొచ్చే ఎండ టోపీ కింది నుంచీ తగులుతుంది. నీళ్లు, మజ్జిగ దగ్గరే పెట్టుకోండి. గాలం వేసే ముందు అక్కడి మత్స్యకారులనో, రిసార్ట్ వారినో అడగండి. చాలా చెరువుల్లో చేపల మీద హక్కు స్థానిక మత్స్య సహకార సంఘాలది. పాకాల, కిన్నెరసాని అయితే అభయారణ్యాల్లో ఉన్నాయి, అక్కడి నీళ్లలో మొసళ్లున్నాయి. అటవీశాఖ సరే అననిదే నీటి దగ్గరికి పోవద్దు.

గాలం విసిరేటప్పుడు వెనక ఎవరూ ఉండకూడదు. కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. వేలిలో దిగితే వెనక్కి గుంజకండి, కండ చీరుకుపోతుంది. దారం కత్తిరించి, గాలం కదలకుండా గుడ్డ చుట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కంట్లో దిగితే ముట్టుకోకుండా, పైన పేపరు కప్పు బోర్లించి అంటించి తీసుకెళ్లాలి. చివరి టీటీ ఇంజెక్షన్ వేయించుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాల్సి రావచ్చు. జెల్ల జాతి చేపల రెక్కల ముళ్లు గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో ఆ చేతిని అరగంటకు పైగా ఉంచితే మంట తగ్గుతుంది. వేడి ఎంతుందో రెండో చేతితో చూసుకోండి. దెబ్బ తగిలిన చేతికి వేడి సరిగా తెలియదు.

కూరలోకి వెళ్లకూడనిది

పట్టిన చేపను బుట్టలో ఎండకు వదిలేయకుండా ఐసులో పెట్టండి. కోసేటప్పుడు కాలేయం పక్కన ఆకుపచ్చని తిత్తి ఉంటుంది. ఇళ్లలో ‘చేదు’ అంటారు. అది పగిలితే కూర చెడుతుందని అమ్మమ్మలు జాగ్రత్తగా తీసేసేవారు. దాన్నే పచ్చిగా మింగితే చూపు పెరుగుతుందని, ఉబ్బసం పోతుందని నమ్మేవారూ ఉన్నారు. రోహు, బొచ్చె వంటి చేపల పిత్తంలో మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీసే విషం ఉంటుంది. వండినా అది పూర్తిగా పోదు. మింగిన కొన్ని గంటల్లో వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. అవి తగ్గాయని ఊరటపడేలోపే, ఒకటి రెండు రోజుల్లో మూత్రం రావడం తగ్గిపోతుంది. మన దేశంలోనే ఇలా డయాలసిస్ దాకా వెళ్లినవారున్నారు. సకాలంలో చికిత్స అందితే చాలామంది కోలుకుంటారు. అందుకే వాంతులకు కారణం అడిగినప్పుడు ‘చేప తిన్నాం’ అని ఊరుకోకుండా, చేదు మింగిన సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.