హంట్ వ్యాలీ: ఎత్తుకు పైఎత్తు పుట్టే ఊరు

బాల్టిమోర్‌లో లైట్ రైలెక్కి ఉత్తరాన చివరి స్టేషన్‌లో దిగితే హంట్ వ్యాలీ. ఆఫీసు భవనాలు, పార్కింగ్ స్థలాలు, ఒక షాపింగ్ సెంటర్. మేరీల్యాండ్‌లో ఇలాంటి శివార్లు చాలానే ఉన్నాయి. కానీ 1982లో సిడ్ మేయర్, బిల్ స్టీలీ మైక్రోప్రోస్ అనే వీడియో గేమ్ కంపెనీ పెట్టింది ఇక్కడే. 'సివిలైజేషన్' ఆట పుట్టిందీ ఇక్కడే. 1996లో మేయర్ మరో ఇద్దరితో కలిసి ఫిరాక్సిస్ అనే మరో గేమ్ కంపెనీ మొదలుపెట్టిందీ ఈ చుట్టుపక్కలే.

ఆ ఫిరాక్సిస్ 2012లో తెచ్చిన 'ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్' నాకు ప్రాణం. గ్రహాంతరవాసులు భూమ్మీద పడతారు, చేతిలో ఉన్న కొద్దిమంది సిపాయిలతో మనం ఎదుర్కోవాలి. దీని మూలం ఇంగ్లండ్‌లో గోలప్ సోదరులు చేసిన 1994 నాటి ఆట. అందులో ప్రతి అడుగుకీ టైమ్ యూనిట్లు లెక్కపెట్టుకోవాలి. ఫిరాక్సిస్ ఆటను రూపొందించిన జేక్ సాలమన్ బృందం ఆ లెక్కలన్నీ తీసేసి, వంతుకు రెండు పనులు చాలంది. సాధారణంగా కాల్చితే ఆ సిపాయి వంతు అయిపోయినట్టే. పూర్తి చాటున ఉన్నవాడిపై గురి 40 పాయింట్లు తగ్గుతుంది, సగం చాటైతే 20. పక్కనుంచి చుట్టి వస్తే ఆ చాటు ఉన్నా లేనట్టే. నియమాలు ఇంతే. అయినా చెట్టు వెనకున్న సిపాయిని కదపాలా వద్దా అన్నదానికి అయిదు నిమిషాలు ఆలోచిస్తాం. పోయినవాడు మళ్లీ రాడు కాబట్టి.

యుద్ధం బయట కూడా ఇదే ఒత్తిడి. ఒకేసారి మూడు దేశాల నుంచి పిలుపొస్తుంది, వెళ్లగలిగేది ఒక్కచోటికే. భయం హద్దు దాటిన దేశం నెలాఖరుకి మన కూటమి నుంచి తప్పుకుంటుంది. మనల్ని నిలబెట్టే 16 దేశాల్లో ఇండియా కూడా ఉంది. దాన్ని వదిలి ఇంకో దేశానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు నా మనసు ఒప్పుకోదు.

లోపాలూ చిన్నవి కావు. శత్రువులు గుంపులుగా ఉంటారు. మన కంటపడగానే, వాళ్ల వంతు కాకపోయినా పరుగెత్తి చాటు వెతుక్కుంటారు. మన ఆఖరి సిపాయి ఒక గడి ఎక్కువ వేస్తే చాలు, కొత్త గుంపు మీద పడుతుంది, తిప్పికొట్టడానికి ఎవరికీ వంతు మిగలదు. అది మన తప్పుడు ఎత్తుకు శిక్ష కాదు. అందుకే ఆటగాళ్లు ధైర్యం మానేసి గడిగడికీ ఆగుతూ, కాపలా పెట్టుకుంటూ పాకుతారు. ఎత్తులు వేయాల్సిన ఆట నత్తనడక అవుతుంది. మ్యాప్‌లు తిరిగి తిరిగి వస్తాయి. సిపాయిలు ఆరితేరాక చివరి దశ చప్పబడుతుంది.

2016లో వచ్చిన 'ఎక్స్‌కామ్ 2' మ్యాప్‌లను ఎప్పటికప్పుడు కొత్తగా కూరుస్తుంది, చాలా మిషన్లకు ఇన్ని వంతుల్లో ముగించాలని గడువు పెడుతుంది. గడువు మీద చాలామంది మండిపడ్డారు. నాకైతే అదే సరైన మందు. అది పెట్టాకే పాకేవాళ్లు లేచి పరుగెత్తారు. గుంపుల పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది, దాన్నే ముందు మార్చాల్సింది.