మూత్రవ్యాధులు: ఎవరికి చూపవలెను?

మూత్రములో రక్తము కనిపించినను, నొప్పి లేదుగదా యని ఊరకుండువారు పెక్కుమంది కలరు. రెండు దినములలో ఎరుపు దానంతట అదియే పోవును. రోగియు దానిని మరచిపోవును. కాని మూత్రాశయపు క్యాన్సరు తరచుగా ఈ విధముగనే మొదట బయటపడును. నొప్పి లేకపోవుట క్షేమమునకు గుర్తు కాదు. రక్తము ఒక్కసారి కనిపించినను పరీక్ష చేయించుకొనవలెను. పొగ త్రాగువారు మరింత జాగ్రత్త వహింపవలెను.

నిపుణుడెవరు?

మూత్రపిండములు రక్తమును వడగట్టగా ఏర్పడిన మూత్రము సన్నని నాళముల ద్వారా మూత్రాశయమును చేరి, అచ్చటినుండి వెలుపలికి పోవును. స్త్రీ పురుషులలో ఈ మార్గమునకు కలుగు వ్యాధులకును, పురుషుల జననేంద్రియ వ్యాధులకును శస్త్రచికిత్స చేయు వైద్యుని యూరాలజిస్టు అందురు. మూత్రపిండములు పనిచేయుట తగ్గినపుడు మందులతోను, డయాలిసిస్‌తోను చికిత్స చేయువాడు నెఫ్రాలజిస్టు.

ముఖ్య వ్యాధులు

మూత్రపిండములోని రాయి క్రిందికి జారునపుడు నడుము ప్రక్కనుండి గజ్జలవరకు భరింపరాని నొప్పి కలుగును. చిన్నరాళ్ళు పెక్కు వాటంతటవే పడిపోవును. కత్తితో కోయకుండ, వెలుపలినుండి తరంగములను పంపి రాతిని పగులగొట్టు పద్ధతిని 1980లో మ్యూనిక్ నగరమున మొదటిసారి ఒక రోగికి ఉపయోగించిరి. రాళ్ళు మరల ఏర్పడకుండుటకు దినమునకు రెండున్నర లీటర్ల మూత్రము వచ్చునంత నీరు త్రాగుట మంచిది. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి త్రాగవలెను.

50 ఏండ్లు దాటిన పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రధార సన్నగిల్లవచ్చును. రాత్రి పలుమార్లు లేవవలసి వచ్చును. స్త్రీలలో కొందరికి దగ్గినపుడు, నవ్వినపుడు మూత్రము జారును. ఈ రెంటిని వయసు తెచ్చిన బాధలని ఓర్చుకొననక్కరలేదు; రెంటికిని చికిత్స కలదు. మగశిశువునకు 6 నెలలు నిండినను వృషణము సంచిలోనికి దిగనిచో వైద్యునికి చూపవలెను.

ఆలస్యము కూడని సమయములు

మూత్రము పూర్తిగా బిగిసిపోయినను, రాతినొప్పితోపాటు చలిజ్వరము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. బాలునకు వృషణములో హఠాత్తుగా నొప్పి పుట్టినచో అది మెలికపడి యుండవచ్చును. సుమారు 6 గంటలలోపల సరిచేయనిచో దానిని కాపాడుట కష్టము. సిగ్గుపడి తెల్లవారువరకు ఆగరాదు.

ఎట్లు వెదకవలెను?

మొదట సమీపమునందలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. అచ్చటి వైద్యుడు మూత్రపరీక్ష చేయించి, అవసరమైనచో యూరాలజీ విభాగము గల పెద్ద ఆసుపత్రికి పంపును. శస్త్రచికిత్సలో ఎం.ఎస్. పట్టము పొందిన పిదప మూడేండ్లు చదివి సంపాదించునది యూరాలజీ ఎం.సిహెచ్. పట్టము. ప్రైవేటు వైద్యుని వద్దకు పోవువారు ఇట్టి అర్హతను విచారించుకొనవలెను. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకమునకు అర్హులైనవారు, తమ చికిత్స దానిక్రింద లభించునా యని ఆసుపత్రిలో ముందుగానే అడుగుట మేలు.

పాత పరీక్షాఫలితములను, వాడుచున్న మందులను వెంట తీసికొని పోవలెను. స్త్రీలు పరీక్షాసమయమున నర్సు దగ్గర ఉండవలెనని కోరవచ్చును. వైద్యునికి ఇది నిత్యము చూచు వ్యాధియే. దాచినచో అది ముదురును. చెప్పినచో చికిత్స సులభమగును.