దుమ్ము యంత్రాన్ని వెనక వైపు నుంచి చూడాలి

కర్నూలు, కడప పట్టణాల్లో నేలంటే రాయే. బేతంచెర్ల బండో, కడప నల్లరాయో పరిచిన ఇంటికి చీపురూ తడిగుడ్డా చాలు. తివాచీలు ఎక్కువగా కనిపించేది వ్యాపారాల్లో: షామియానా సప్లయర్ల గోదాముల్లో చుట్టలుగా పడి ఉండే ఎర్ర కార్పెట్లు, కల్యాణ మండపాల వేదికలు, లాడ్జి గదులు, నగల దుకాణాలు. వాటిని దులిపేది నలుగురైదుగురు పనివాళ్లు, దులిపే సాధనం కొనేది యజమాని. దుమ్ము ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది. అందుకే బేరం ధర దగ్గర మొదలై వాట్ల దగ్గర ముగుస్తుంది. దుమ్ము లాగే ఈ యంత్రం, అంటే వాక్యూమ్ క్లీనర్, పుట్టి పెరిగిన తీరు చూస్తే కొలవాల్సింది మరొకటుందని తెలుస్తుంది. యంత్రం ఎంత దుమ్ము లాగుతుందన్నది సగం ప్రశ్నే. లాగినదాంట్లో ఎంత దుమ్మును మళ్లీ పనివాళ్ల ముఖాన వదులుతుందన్నది మిగతా సగం.

చేతితో తోసే తివాచీ యంత్రం స్థిరమైన రూపం దిద్దుకున్నది ఒక చిన్న దుకాణంలోనే. అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో పింగాణీ సామాను అమ్మే మెల్విల్ బిస్సెల్, సరుకు పెట్టెల్లోంచి రాలి తివాచీలో ఇరుక్కునే రంపపు పొట్టుతో విసిగిపోయి, 1876లో తన యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చక్రాలు తిరిగితే బ్రష్షు తిరుగుతుంది, చెత్త పెట్టెలో పడుతుంది. పొట్టుకు అది సరిపోయింది గానీ సన్నటి దుమ్ము మాత్రం గాల్లోకి లేచేది. 1901లో లండన్‌లో దుమ్మును గాలితో ఊదేసే ఒక యంత్రం ప్రదర్శన చూసిన ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్, ఊదే బదులు పీల్చకూడదా అని ఆలోచించాడు. కుర్చీ గుడ్డ మీద చేతిరుమాలు పరిచి నోటితో పీల్చి చూస్తే, రుమాలు అడుగున దుమ్ము మచ్చ పడింది. ఆయన కట్టిన యంత్రం పెట్రోలు ఇంజనుతో నడిచేది, గుర్రపు బండి మీద వచ్చి వీధిలో ఆగేది. గొట్టాలు మాత్రమే కిటికీల్లోంచి లోపలికి వెళ్లేవి. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు, 1902లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే తివాచీలను శుభ్రం చేసింది ఆ యంత్రమే. దాని పరిమాణం చూసి ఇప్పుడు నవ్వు రావచ్చు గానీ, అందులో ఒక గొప్ప మేలుంది: యంత్రం వదిలే గాలి గది బయటే ఉండిపోయేది.

ఈ కథలో అసలు మలుపు తిప్పినవాడు ఇంజనీరు కాడు, జీతానికి ఊడ్చే మనిషి. ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లోని ఒక పెద్ద దుకాణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఊడ్పు పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం ఉంది. తాను తోసే తివాచీ యంత్రం రేపే దుమ్మే దగ్గును పెంచుతోందని అనుమానించి, 1907లో ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి కరెంటుతో పీల్చే యంత్రాన్ని తయారు చేసుకున్నాడు. 1908 జూన్‌లో పేటెంటు వచ్చింది. తోలు వస్తువుల వ్యాపారి విలియం హూవర్ ఆ హక్కులు కొన్నాక, యంత్రం ఆయన పేరుతోనే లోకానికి తెలిసింది. తన ఊపిరి కాపాడుకోవడానికి ఒక పనివాడు చేసుకున్న సాధనమిది. అయితే యంత్రం గదిలోకి రావడంతో దాని వెనక నుంచి వచ్చే గాలీ గదిలోకే వచ్చింది. దిండు గలీబు పెద్ద దుమ్మును పట్టింది, కంటికి కనిపించని దుమ్మును నేత సందుల్లోంచి వదిలేసింది. అప్పటి నుంచి ఈ యంత్రంలో వచ్చిన మేలైన మార్పుల్లో చాలావరకు ఆ లోటును పూడ్చే ప్రయత్నాలే.

వాట్ల సంగతి ఇక్కడే తేల్చాలి. పెట్టె మీద రాసే వాట్లు మోటారు తినే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు. చేసే పని తెలియాలంటే గాలి ప్రవాహాన్ని పీడనంలో తేడాతో గుణించాలి. సెకనుకు 20 లీటర్ల గాలి, 10 కిలోపాస్కల్ల తేడా ఉంటే తివాచీ దగ్గర జరిగే పని 200 వాట్లే. మిగతాది చప్పుడు, వేడి. యూరోపియన్ యూనియన్ 2014లో ఈ యంత్రాల కరెంటు వాడకాన్ని 1600 వాట్ల లోపుకు, 2017లో 900 వాట్ల లోపుకు కట్టడి చేసినా అక్కడ తివాచీలు మురికిపట్టి పోలేదు. బ్రష్షు, మూతి, గొట్టం బిగుతు, ఫిల్టరు సరిగా ఉంటే తక్కువ వాట్ల యంత్రమూ పని చేస్తుంది. కుచ్చులున్న తివాచీకి తిరిగే బ్రష్షు కావాలి. జంపఖానా వంటి చదును నేతకు అది అక్కర్లేదు సరికదా, దారాలు లేపేస్తుంది.

ఈ సీమ దుమ్ముకూ ఒక స్వభావముంది. నల్లరేగడి ఎండితే పిండిలా నలుగుతుంది, ఎర్రనేలలో క్వార్ట్జ్ రేణువులుంటాయి. పెళ్లికి ఆరుబయట పరిచిన కార్పెట్టు వందల మంది అడుగుల కింద ఈ రెంటినీ తాగుతుంది. పది మైక్రాన్ల లోపు రేణువులు ఊపిరితిత్తుల దాకా వెళ్లగలవు. క్వార్ట్జ్ పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు ఏమవుతాయో రాతి పని మనకు ఇదివరకే నేర్పింది. కార్పెట్టు దుమ్ము క్వారీ దుమ్మంత ప్రమాదమని కాదు, అనవసరంగా పీల్చడమెందుకన్నదే మాట. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువులను 99.97 శాతం ఆపుతుంది. కానీ బంకమన్ను పొడికి అది త్వరగా పూడుకుపోతుంది కాబట్టి, దానికి ముందు దుమ్మును పట్టే సంచీ ఉండాలి. గాలిని సుడి తిప్పి దుమ్మును డబ్బాలో పడేసే, సంచీ లేని సైక్లోన్ యంత్రం మంచిది కాదా అంటారు. జేమ్స్ డైసన్ 5,127 నమూనాలు కట్టి సాధించిన ఆ పద్ధతి పూడుకుపోయే బెడదను తగ్గించింది, నిజమే. కానీ డబ్బా బోర్లించేటప్పుడు దుమ్మంతా మళ్లీ లేస్తుంది. ఇంట్లో అది వారానికొకసారి జరిగే పని, షామియానా గోదాములో రోజుకు నాలుగుసార్లు. మూతి బిగించి పారేసే సంచీయే పనివాళ్లకు మేలు.

ఇంత ఖర్చెందుకు, బయట వేసి కర్రతో కొడితే పోదా, నీళ్లు పోసి కడిగితే పోదా అనే ప్రశ్న న్యాయమైనదే. కర్రతో కొడితే దుమ్ము పోతుంది, కొట్టేవాడి ముక్కులోకి. మాస్కు ఇస్తే సరిపోతుందంటే, మే నెల ఎండలో బరువు మోస్తూ ఎంతసేపు దాన్ని పెట్టుకోగలరు? దుమ్మును పుట్టినచోటే పట్టడం మొదటి రక్షణ, మాస్కు చివరిది. ఇక నీళ్లు. వేడినీరు చిమ్మి తిరిగి లాగే యంత్రం నూనె మరకలకు, కూర మరకలకు తప్పదు, ఇక్కడి ఎండకు కార్పెట్టు త్వరగా ఆరుతుంది కూడా. కానీ నీరు బెలుం గుహలను తొలిచిన సున్నపురాతి నేల ఇది. ఇలాంటి నేలలోని బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి, ఆరాక ఉప్పు, సబ్బు పొర పోగుల్లోనే మిగిలి కొత్త దుమ్మును పట్టుకుంటాయి. అసలు పొడి దుమ్ము లాగకుండా నీళ్లు పోస్తే అది బురదే. కాబట్టి రోజూ పొడిగా లాగే యంత్రం సొంతానికి ఉండాలి, ఏడాదికి కొన్నిసార్లు కావాల్సిన తడి యంత్రం అద్దెకు దొరికితే చాలు. తడీపొడీ రెండూ చేసే డ్రమ్ము యంత్రం కొంటే, మోటారును చల్లబరిచే గాలి మురికి గాలితో కలవని రకం తీసుకోవాలి, లేదంటే తేమకు మోటారు కాలిపోతుంది. తడి పనికి ఎర్తింగు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్చి వేయకూడదు.

చిన్న వ్యాపారికి ఇన్ని యంత్రాలా అనే అభ్యంతరానికి జవాబు, కావాల్సింది ఒక్కటే. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ ఇంటింటికీ తిరిగి అమ్మిన రకం యంత్రాలు ఇంటి పనికి చేసినవి. గంటల కొద్దీ నడపాలంటే వాణిజ్య రకమే కొనాలి. కార్బన్ బ్రష్షులు, ఫిల్టర్లు, సంచులు మన ఊళ్లో దొరకాలి, వైండింగ్ షాపులో విప్పగలిగేలా ఉండాలి. పనివాళ్లు మెట్ల మీదికి మోయగల బరువుండాలి. పక్కన నిలబడి మాట్లాడితే వినపడేంత చప్పుడే ఉండాలి. కొనే ముందు యంత్రాన్ని నడిపించి, రోజూ దాన్ని పట్టుకునే మనిషి చేతికే ఇవ్వండి. వెనక నుంచి వచ్చే గాలికి తెల్లగుడ్డ అడ్డం పెట్టి చూడండి. గుడ్డ మాసితే, ఎన్ని వాట్లున్నా ఆ యంత్రం వద్దు.