కత్తి కొనేముందు

గత సంవత్సరం జూన్ మాసంలో ఒక శనివారం సాయంకాలం. మరునాటి ఆరాధనకు ప్రసంగము సిద్ధపరచుకొంటూ ఉండగా మా సంఘములోని ఒక సహోదరి తన కుమారుని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ అబ్బాయికి హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదవడానికి సీటు దొరికింది. మంచి చెఫ్ కావాలని వాని కోరిక.

"అయ్యగారండీ, వీడు కత్తి కొనుక్కోవాలంట. ప్రార్థన చెయ్యండి" అన్నది ఆ తల్లి. పెళ్ళిళ్ళకు వంటకు వెళ్ళి కూడబెట్టిన రెండు వేల రూపాయలు కొంగుముడి విప్పి బల్లమీద పెట్టింది.

కత్తికి ప్రార్థన ఏమిటా అని నాకు నవ్వు వచ్చింది. ఆమె ముఖం చూచి ఆపుకొన్నాను. అసలు బాధ వేరే ఉన్నది. ఆమె భర్త వడ్రంగి. ఇంటర్ వరకు చదివించిన కొడుకు గరిటె పట్టడం ఆయనకు ఇష్టం లేదు. "ఉల్లిపాయలు కోయడానికి కాలేజీ ఎందుకు?" అని, వారం రోజులుగా కొడుకుతో మాటలు మానేశాడు. ఈలోగా అబ్బాయి బజారులో ఒక కత్తుల పెట్టె చూచి వచ్చాడు. అందులో 12 కత్తులు, నల్లని పిడులు, అద్దంలా మెరుపు. ఖరీదు 1,900 రూపాయలు. అది కొని, అది పనికిరానిదైతే తండ్రి మాటే నిజమైపోతుందని తల్లి భయం.

నాకు కత్తుల సంగతి తెలియదు. మా ఇంట్లో నేటికీ కత్తిపీటే. అయితే మా సంఘ విశ్వాసి ఒకాయన జిల్లా కేంద్రంలో ఒక హోటలులో వంట మాస్టరుగా ఉన్నారు. సోమవారం ముగ్గురం ఆయన దగ్గరకు వెళ్ళాము. ఆయన చెప్పినవి మీ పిల్లలకు కూడ పనికివస్తాయని ఇక్కడ వ్రాస్తున్నాను.

పెట్టె వద్దు, ఒక్కటి చాలు

"1,900 రూపాయలకు 12 కత్తులంటే ఒక్కొక్కటి 160 రూపాయలు కూడా పడదు. అందులో తొమ్మిది పెట్టెలోంచి బయటికి రావు" అన్నారు ఆయన. వంటగదిలో నూటికి తొంభై పనులు ఒక్క చెఫ్ కత్తితోనే జరుగుతాయట. దాని ఆకు పొడవు 8 అంగుళాలు, అనగా సుమారు 20 సెంటీమీటర్లు ఉంటే నేర్చుకొనేవానికి సరిపోతుంది. తొక్క తీయడానికి ఒక చిన్న చాకు ఉండాలి. రొట్టె కోయడానికి పళ్ళున్న కత్తి తరువాత కొనుక్కోవచ్చును. "జన్మలో సాన పట్టనక్కరలేదు" అని అమ్మే రంపపుపళ్ళ కత్తుల జోలికి పోవద్దన్నారు. అవి కూరగాయలను కోయవు, చీలుస్తాయి. పళ్ళు అరిగాక వాటిని బాగుచేయడం కూడా కష్టమే.

మెరుపు కాదు, ఉక్కు

కత్తిలో మొదట చూడవలసినది ఉక్కు. ఒకప్పుడు మన నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు కోసం పారసీక దేశపు వర్తకులు వచ్చేవారు. ఉక్కు విలువ మనకు కొత్తది కాదు. పాతకాలపు ఉక్కు కత్తికి పదును బాగా వస్తుంది, నూరడం తేలిక. కాని చింతపండు, నిమ్మకాయ, టమాటా తగిలితే నల్లబడుతుంది. తడి ఆరకుండా వదిలితే తుప్పు పడుతుంది.

1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రేర్లీ క్రోమియం కలిపి తుప్పు పట్టని ఉక్కు తయారుచేశాడు. సాధారణంగా కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్నదానినే స్టెయిన్‌లెస్ అంటారు. అయితే గిన్నెలు చేసే స్టీలు వేరు, కత్తులు చేసే స్టీలు వేరు. గిన్నెల స్టీలుకు పదును నిలువదు. కత్తికి కర్బనం కూడా తగినంత ఉండాలి. కర్బనం సుమారు అర శాతం, క్రోమియం 14, 15 శాతం ఉన్న ఉక్కు విద్యార్థికి అన్నివిధాల తగినది. కొట్లో చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అది అంటకపోతే ఆ స్టీలు కత్తి కొనవద్దు. అంటుకొన్నంత మాత్రాన మంచిదని కూడా అనుకోవద్దు.

కాఠిన్యమును రాక్‌వెల్ అనే కొలతతో కొలుస్తారు. ఇటువంటి కత్తులు 55 నుండి 58 వరకు ఉంటాయి. 60 దాటిన జపాను కత్తులు చాలా ఉన్నాయి. వాటి పదును ఎక్కువ కాలం నిలుస్తుంది గాని, ఎముక తగిలినా, మెలిపెట్టినా అంచు పెళ్ళలుగా ఊడుతుంది. ఖరీదు కూడా ఎక్కువే. నేర్చుకొనేవాడు తప్పులు చేస్తాడు. ఆ తప్పులను ఓర్చుకొనే కత్తి వానికి కావాలి. ఎంత మంచిదైనా చెఫ్ కత్తితో మాత్రం మాంసపు ఎముకలు కొట్టకూడదు. దానికి వేరే బరువు కత్తి ఉన్నది.

చేతితో పట్టి చూడండి

కొట్టి చేసిన కత్తి బరువుగా ఉంటుంది. రేకునుండి కత్తిరించి చేసినది తేలికగా, చౌకగా ఉంటుంది. చౌక అయినంత మాత్రాన అది తక్కువది కాదు. 1884లో స్విట్జర్లండులో మొదలైన విక్టోరినాక్స్ సంస్థ చేసే ప్లాస్టిక్ పిడి కత్తులు ఆ రకానివే. ఎన్నో హోటళ్ళలో అవి వాడుకలో ఉన్నాయి.

బొటనవేలు, చూపుడువేలు పిడి దగ్గర ఆకును పట్టుకొని, తక్కిన వేళ్ళు పిడిని చుట్టాలి. అలా పట్టినప్పుడు కణుపులు బల్లకు తగలకూడదు. పిడికి, ఉక్కుకు మధ్య సందు ఉండకూడదు. అందులో మురికి చేరుతుంది. తడిచేతికి పిడి జారకూడదు. కంటికి ఎదురుగా పెట్టి అంచు తిన్నగా ఉన్నదో లేదో చూడాలి.

పదునులేని కత్తే ప్రమాదం

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. వేదాంత విద్య చదివే రోజుల్లో మెస్సులో కూరగాయలు తరిగే వంతు నాకు వచ్చేది. మొద్దు చాకుతో గుమ్మడికాయను అదిమి కోయబోతే అది జారి ఎడమ బొటనవేలు తెగింది. ఆ మచ్చ నేటికీ ఉన్నది. పదునైన కత్తి కోసినచోటే కోస్తుంది. మొద్దు కత్తిని బలం పెట్టి నెట్టాలి, అది ఎటు జారుతుందో తెలియదు. పదును పెట్టని ఇనుముతో పనిచేసేవాడు ఎక్కువ శ్రమపడతాడని ప్రసంగి 10:10లో భక్తుడు మనకు ముందే చెప్పియున్నాడు.

మాస్టరుగారు ఆఖరున అన్నమాట ఇది: "కత్తికి తక్కువ పెట్టినా పరవాలేదు, రాయి కొనకుండా మాత్రం రావద్దు." 1000 నంబరు నూరురాయి ఇంటి పనికి చాలును. కత్తిని రాయిమీద నిలువుగా పెట్టి, సగానికి వంచి, మళ్ళీ అందులో సగానికి వంచితే సుమారు 22 డిగ్రీలు వస్తుంది. దానికి కొంచెం తక్కువగా పట్టి, రెండువైపులా సమానంగా నూరాలి. హోటళ్ళలో కనిపించే ఉక్కుకడ్డీ వంగిన అంచును సరిచేస్తుంది గాని, అరిగిన పదునును తిరిగి తేలేదు. నీరు లేకుండా వేగంగా తిరిగే సానమీద అంచు కాలి నీలిరంగు తిరిగితే ఉక్కు మెత్తబడిపోతుంది. కోయడానికి చెక్కబల్ల గాని ప్లాస్టిక్ బల్ల గాని వాడాలి. గాజు, గ్రానైటు, స్టీలు పళ్ళెం మీద కోస్తే ఒక్కరోజులో పదును పోతుంది. కడిగి, వెంటనే తుడిచి, వేరుగా పెట్టాలి. అంట్ల గిన్నెల్లో పడవేయకూడదు.

1 సమూయేలు 13వ అధ్యాయం చదివితే, ఆ కాలమున ఇశ్రాయేలీయులలో కమ్మరివాడు లేక, తమ నాగటి నక్కులకు, గొడ్డండ్లకు పదును పెట్టించుకొనుటకు ఫిలిష్తీయుల యొద్దకే వెళ్ళవలసి వచ్చినదని తెలుస్తుంది. తన పనిముట్టును తాను పదును చేసుకోలేనివాడు ఎప్పుడూ ఇతరుల చేతి క్రింద ఉంటాడు.

ఆ సాయంకాలం

ప్లాస్టిక్ పిడిగల 8 అంగుళాల కత్తి 1,100, చిన్న చాకు 150, నూరురాయి 450. మొత్తం 1,700 రూపాయలు. మిగిలిన 300 తల్లి చేతికిచ్చి, కత్తి కూడా ఇవ్వబోతే ఆమె వెనక్కి జరిగింది. "కింద పెట్టండి అయ్యగారూ, చేతికిస్తే తగువులొస్తాయంటారు" అన్నది. "అమ్మా, తగువు ఇదివరకే మీ ఇంట్లో ఉన్నది గదా! అది కత్తివలన రాలేదు" అన్నాను. ఆమె నవ్వి, చెయ్యి చాచింది.

ఇంటికి వెళ్ళేసరికి తండ్రి అరుగుమీద ఉలి నూరుకొంటున్నాడు. కొడుకువైపు చూడలేదు. నేను యోహాను సువార్త 21వ అధ్యాయం చదివాను. తిరిగిలేచిన ప్రభువు రాత్రంతా కష్టపడిన శిష్యులకోసం ఒడ్డున నిప్పులమీద చేపలు, రొట్టె సిద్ధముచేసి, వచ్చి భోజనము చేయుడని పిలిచిన సంగతి అది. "వడ్రంగి అని పేరున్న ప్రభువే వంట కూడా చేశాడయ్యా" అని మాత్రం అన్నాను. ఆయన బదులు చెప్పలేదు.

ప్రార్థన ముగించి కన్నులు తెరిచేసరికి కత్తి ఆయన చేతిలో ఉన్నది. బొటనవేలిని అంచుకు అడ్డంగా ఆనించి చూచి, "ఉక్కు మంచిదే. పదునే సరిగా పెట్టలేదు" అన్నాడు. కొంచెంసేపు ఊరుకొని, "ఒరేయ్, ఆ నీళ్ళు ఇలా తీసుకురా. ముందు ఒకవైపు నేను చూపిస్తాను" అన్నాడు. వారం రోజుల తరువాత కొడుకుతో ఆయన పలికిన మొదటి మాట అది. చీకటిపడేవరకు ఇద్దరూ ఆ రాయిముందే కూర్చున్నారు.

తల్లిదండ్రులారా, మన పిల్లలు ఎన్నుకొన్న పని న్యాయమైనదైతే, అది మనం కోరినది కాకపోయినా, వారి చేతికి మంచి పనిముట్టు ఇద్దాము. మెరిసే పెట్టె వద్దు, పనికివచ్చేది ఒక్కటి చాలు. ఆ పనిముట్టును కాపాడుకొనే విద్యను మనకు తెలిసినంతవరకు ప్రక్కన కూర్చుండి నేర్పుదాము. మన చేతిపనులను, మన బిడ్డల చేతిపనులను ప్రభువు స్థిరపరచునుగాక. ఆమేన్.