మీకు తెలుసా? కొంగు ముట్టుకుని వెళ్లే ధైర్యం

ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వైపు మిరప కల్లంలో కాసేపు కూర్చోండి. నాయనమ్మ తాలుకాయలు ఏరుతుంటుంది. చంటాడు నాలుగడుగులు పోతాడు, వెనక్కొచ్చి కొంగు ముట్టుకుంటాడు, మళ్లీ పోతాడు. సరిగ్గా ఈ రాకపోకల్నే 1950లలో ఉగాండా పల్లెల్లో మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ నెలల తరబడి గమనించారు. వెనక్కి రావడానికి ఒక మనిషి ఉందన్న నమ్మకమే బిడ్డకు దూరం పోయే ధైర్యమని 1967లో పుస్తకం రాశారు.

ఆ కొంగు దొరకని పిల్లలో? ముక్కూమొహం తెలియనివాళ్ల ఒళ్లోకి ఎక్కేస్తే ‘ఎంత కలుపుగోలుదో’ అని, దెబ్బ తగిలినా ఏడవకపోతే ‘ఎంత కుదురో’ అని మురిసిపోతాం. ఒక్కోసారి అవి దిగులు గుర్తులు కావచ్చు.

రుమేనియా అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లతో 2000లో ఒక అధ్యయనం మొదలైంది. సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవాళ్లలో అనుబంధం బాగా కోలుకుంది. అలాగని రెండేళ్లు దాటితే ఆశ వదులుకోనక్కర్లేదు. హింసో, చావో కళ్లారా చూసి బెదిరిన మూడేళ్ల పిల్లల నుంచి పద్దెనిమిదేళ్లవాళ్ల దాకా ‘ట్రామా ఫోకస్డ్ సీబీటీ’ అనే చికిత్స ఉంది. మామూలుగా 12 నుంచి 16 సార్లు కూర్చుంటారు. ‘ఏం జరిగిందో చెప్పు’ అని మొదలుపెట్టరు. ముందు భయాన్ని గుర్తుపట్టడం, ఊపిరి నెమ్మదించుకోవడం నేర్పుతారు. బొమ్మలతో, ఆటలతో, బిడ్డకు వీలైనంత వేగంలోనే ఆ కథ దగ్గరికి వెళతారు. ఇంచుమించు సగం సమయం పెంచేవాళ్లకే! వాళ్లు కుదుటపడనిదే బిడ్డ కుదుటపడడం కష్టం. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ పిల్ల చేత ఆ సంగతి చెప్పించడం మాత్రం దయచేసి మానండి.

మరి ఆ పెంచేది రెక్కాడితేగానీ డొక్కాడని నాయనమ్మ అయితే? పిల్లల్ని ఆశ్రమంలో చేర్చడం ఆఖరి మార్గమేనని 2015 నాటి బాలల న్యాయచట్టం చెబుతోంది. అమ్మానాన్నలు లేక బంధువుల దగ్గర పెరిగే బిడ్డకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు అందే వీలుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. అడగాల్సింది జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని. రెంటచింతల ఉన్న పల్నాడుకు జిల్లా కేంద్రం నరసరావుపేట. అంతదూరం వెళ్లలేని నాయనమ్మ కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి మీరే ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఎత్తుతారు, పైసా ఖర్చు లేదు.