పాత ఔట్‌బోర్డ్ మోటారులో ఇగ్నిషన్ భాగాల మార్పిడి

1950వ దశకంలో అమెరికాలో తయారైన జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండు సిలిండర్ల పడవ మోటార్లలో నిప్పురవ్వను ఫ్లైవీల్ అడుగున అమర్చిన మాగ్నెటో పుట్టిస్తుంది. ప్రతి సిలిండరుకు కాయిల్, కండెన్సర్, కాంటాక్ట్ పాయింట్లు విడివిడిగా ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ కాయిల్‌పై ఉన్న విద్యుత్ నిరోధక పూత పగిలి రవ్వ బలహీనపడుతుంది. అందువల్ల ఒడ్డున సులువుగా స్టార్టయిన మోటారు వేడెక్కిన తరువాత నీటి నడుమ ఆగిపోవచ్చు.

కార్బ్యురేటరును విప్పే ముందు రవ్వను పరీక్షించాలి. అది గాలిలో సుమారు 6 మి.మీ. ఖాళీని దాటలేకపోతే, ఫ్లైవీల్‌ను సుత్తితో మోదకుండా పుల్లర్‌తో తీయాలి. పగిలిన కాయిళ్లను మార్చి, అవి ఫ్లైవీల్ అయస్కాంతాలకు రాసుకోకుండా బిగించాలి. అరిగిన పాయింట్లతోపాటు కండెన్సర్‌ను కూడా మార్చడం మేలు. కండెన్సర్ లోపభూయిష్టమైతే కొత్త పాయింట్లూ త్వరగా కాలిపోతాయి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఎడం 0.5 మి.మీ. ఉండాలి. కొత్త పాయింట్లపై నూనె పొర ఉన్నా రవ్వ రాదు కనుక శుభ్రమైన కాగితంతో తుడవాలి. చివరగా ఫ్లైవీల్ కీని పరిశీలించాలి. అది కొద్దిగా తెగినా రవ్వ పడే సమయం తప్పి, మార్చిన భాగాల వల్ల ప్రయోజనం కలుగదు.